పరాయి చేతి ముద్ద

నా ఉద్యోగమంతా పల్నాడులోనే గడిచింది. మాచర్లలో మొదలుపెట్టి, గురజాల చుట్టుపక్కల మండలాలన్నీ తిరిగి, నరసరావుపేటలో రిటైరయ్యాను. పశువుల డాక్టరు ఉద్యోగమంటే ముప్పాతిక భాగం గేదెలు, మిగతా పాతిక గొర్రెలూ కోళ్ళూ. చూడి పరీక్షలు చేసీ చేసీ నా కుడి భుజం అరిగిపోయింది, ఇప్పటికీ రాత్రిపూట ఆ పక్కకు తిరిగి పడుకోలేను. కుక్కల్ని మా ఆసుపత్రుల్లో ఎవరూ లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదు.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకమ్మాయి మా ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?" అని అడిగింది. గేదె ఏదైనా గుర్తొస్తుందనుకున్నాను. ఒక నల్ల కుక్క గుర్తొచ్చింది. ఆ పిల్లకు టీ ఇచ్చి, ఏవో కబుర్లు చెప్పి పంపేశాను. నోటితో చెప్పలేనిది రాస్తే కుదురుతుందేమోనని కూర్చున్నాను. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు చదివితే సంతోషం. కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకునేవాళ్ళు చదివితే ఇంకా సంతోషం.

సూది వేశాక చెప్పాల్సిన మాట

కుక్కపిల్లను మన దగ్గరకు తెచ్చేది టీకా కోసం. సూది వేయించి, కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోతారు. మనమూ బయట కట్టేసి ఉన్న గేదె దగ్గరకు వెళ్ళిపోతాం. ఆ మనిషిని ఇంకాసేపు నిలబెట్టండి. టీకా రోగాన్ని ఆపుతుంది గానీ భయాన్ని ఆపదు. రోగమొచ్చి చచ్చిన కుక్కల్ని చాలా చూశాను. భయపడి, భయంతో కరిచి, కరిచినందుకు దెబ్బలు తిని చచ్చినవాటినీ అన్నే చూశాను.

కుక్కపిల్ల కళ్ళు తెరిచి నడక నేర్చిన దగ్గర్నుంచి పాలపళ్ళు ఊడటం మొదలయ్యేదాకా ఒక కాలం ఉంటుంది. ఆ రోజుల్లో ఏది కనపడినా, ఏది వినపడినా, లోకంలో ఇదీ ఒకటి ఉందని ఒప్పేసుకుంటుంది. గొడుగు, హెల్మెట్, చేతికర్ర పట్టుకున్న ముసలాయన, నెత్తిన గడ్డిమోపుతో నడిచే మనిషి, బురఖా వేసుకున్న ఆవిడ, ఏడ్చే చంటిపిల్లాడు, కుక్కరు కూత, మిక్సీ రొద, బస్సు హారను, నాపరాయి క్వారీలో తూటా పేలుడు, పెళ్ళిలో డీజే. ఆ వయసు దాటాక కొత్తగా ఎదురయ్యే ప్రతిదాన్నీ అనుమానంగా చూస్తుంది. దీన్ని నేను ఊరు చూపించడం అనేదాన్ని. బాలింత పిల్లను ఎత్తుకుని వీధిలోకొచ్చి నలుగురికీ చూపించినట్టే, కుక్కపిల్లకీ నలుగురినీ చూపించాలని చెప్పేదాన్ని.

టీకాలు పూర్తికాకుండా బయటికి తేవచ్చా అని అడుగుతారు. నేల మీద దించొద్దు, వీధి కుక్కల మధ్యకు పోనివ్వొద్దు. చంకలో పెట్టుకోండి, బండి మీద బుట్టలో పెట్టుకోండి, అరుగు మీద ఒళ్ళో కూర్చోబెట్టుకుని వచ్చేపోయేవాళ్ళను చూడనివ్వండి. చేతిలో ఉడకబెట్టిన గుడ్డు ముక్కలు ఉంచుకోండి. చప్పుడు సన్నగా వినపడేంత దూరంలో నిలబడి ఒక ముక్క పెట్టండి. తింటే ఆ దూరం సరిపోయినట్టు. మూతి తిప్పుకుంటే మీరు మరీ దగ్గరకు పోయినట్టు, వెనక్కి నడవండి. అంతే విద్య. అయితే వెనక్కి నడవమంటే మనవాళ్ళకు పరువు అడ్డమొస్తుంది. పల్నాడు కదా, ఒకసారి ముందుకేసిన కాలు వెనక్కి తీయడం మాకు చిన్నప్పటి నుంచీ ఎవరూ నేర్పలేదు.

మా పెద్ద డాక్టరు గారి తిరునాళ్ల

ఆ మాటకు మంచి సాక్ష్యం మాచర్లలో నా మొదటి బాసు. పెద్ద డాక్టరు గారు అనేవాళ్ళం. అడ్డం తిరిగిన దూడను ఆయన బయటికి తీసినంత ఒడుపుగా తీసినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. నోరు మాత్రం మంచిది కాదు. నేను ఎవరికో గుడ్డు ముక్కల సంగతి చెబుతుంటే విని, "ఏందమ్మాయ్, కుక్కకి ఊరు చూపించమంటున్నావా? రేపు కోడికి సినిమా చూపించమంటావేమో" అని అందరి ముందూ నవ్వాడు.

ఆయనే ఒక ఆల్సేషన్ పిల్లను తెచ్చుకున్నాడు. గిన్నె కిందపడితే ఉలిక్కిపడేది. ఈ బెదురంతా ఒక్క దెబ్బతో పోవాలని, శివరాత్రికి దాన్ని భుజాన వేసుకుని కోటప్పకొండ తిరునాళ్లకు తీసుకెళ్ళాడు. ఆ జనం, వెదురుతో ఆకాశమంత ఎత్తు కట్టిన ప్రభలు, ఆ కరెంటు దీపాలు, ఒక్కో ప్రభ దగ్గర ఒక్కో పాట. పిల్ల ఆయన చొక్కా తడిపేసింది, చెవి కొరికింది, కీచుకీచుమని ఏడ్చింది. ఆయన గట్టిగా పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది. మర్నాడు ఆఫీసుకొచ్చి, "చూశావా, కిక్కురుమనలా. ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటది" అన్నాడు.

ఆ కుక్క బతికినన్నాళ్ళూ వాళ్ళింట్లో బియ్యం డబ్బా వెనక నుంచి బయటికి రాలేదు. ట్యూబులైటు మిణుకుమంటే పాసు పోసేది. ఆయన రిటైరయ్యే రోజున దండలూ శాలువాలూ అయిపోయాక నన్ను పక్కకు పిలిచి, "ఆ రోజు అది ఊరుకోలేదమ్మాయ్, చేతులెత్తేసింది. నాకు చానా రోజులకి గాని అర్థం కాలా" అన్నాడు. తన అన్నం పళ్ళెం ఆ డబ్బా పక్కనే పెట్టుకుని తినేవాడట, దానికి తోడుగా. అంత పెద్ద మనిషి ఆ మాట నాతో చెప్పేసరికి ఆయన మీద అప్పటిదాకా ఉన్న మంట చల్లారిపోయింది. నిశ్శబ్దంగా ఉన్న కుక్కను చూసి ధైర్యం వచ్చిందనుకోవద్దు. తింటోందా, తోక ఎక్కడుంది, ఒళ్ళు బిగుసుకుందా అని చూడండి.

గంప కింద

కోటయ్య గురజాల దగ్గర ఒక పల్లెలో మిరప రైతు. వాళ్ళ గేదెలకు నేనే వైద్యం చేసేదాన్ని కాబట్టి నన్ను సొంత చెల్లెల్లా చూసేవాడు. నేనూ కోటయ్యన్నా అనేదాన్ని, ఆయన భార్య అంజమ్మను వదినా అనేదాన్ని. నా సర్వీసు చివరి సంవత్సరాల్లో, నరసరావుపేటకు మారకముందు, ఒకసారి నడికుడి జంక్షన్‌లో, స్టేషను వెనక క్వార్టర్లలో, ఒక గ్యాంగ్‌మన్ గేదె ఈనలేక అవస్థ పడుతుంటే వెళ్ళాను. పని అయ్యాక ప్లాట్‌ఫాం మీద కూర్చుని టీ తాగుతున్నాను. బెంచీ కింద ఒక గోధుమరంగు కుక్క ఈని ఉంది. ఎక్స్‌ప్రెస్ రైలు ఆగకుండా దూసుకుపోతే స్టేషనంతా అదిరింది, పిల్లలు మాత్రం నిద్రలో చెవి కూడా కదపలేదు. పోర్టర్లు, ప్రయాణికులు, టీ కొట్టు ఆవిడ, అందరి చేతుల్లోనూ తిని పెరుగుతున్నాయి.

అప్పుడే గుంటూరు బండి దిగిన కోటయ్య ఆ పిల్లల్లో ఒక నల్లదాన్ని మెడ పట్టుకుని పైకెత్తి చూస్తున్నాడు. నేను పలకరించి, "మంచి పిల్లను పట్టావన్నా. దీనికి రైలంటేనే భయం లేదు. నువ్వు చెడగొట్టకుండా ఉంటే చాలు" అన్నాను. నవ్వి, దాన్ని తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు టీకా వేయడానికి వాళ్ళింటికి వెళితే పిల్ల కనపడలేదు. గొడ్ల చావడి మూలన ఒక పెద్ద గంప బోర్లించి, దాని మీద గోనెపట్టా కప్పి, పైన రాయి పెట్టి ఉంది. లోపల ఉందన్నమాట. మా వైపు కాపలా కుక్కను ఇట్లా పెంచే పద్ధతి ఒకటి ఉంది. పిల్లప్పుడు యజమాని తప్ప ఇంకో మనిషి మొహం చూపించరు, ఇంకొకరి చేత తిననివ్వరు.

"నన్ను కూడా ముట్టుకోనీడు డాక్టరమ్మా. ముద్ద కూడా ఆయనే పెట్టాలంట" అంది అంజమ్మ.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"పోయినేడు కల్లంలో నేను పక్కనే పడుకోనుండంగా మిరపకాయల టిక్కీలు బస్తాలకి బస్తాలు మోసుకుపోయారమ్మా. అప్పుడు కుక్క లేకనా? ఉంది. దొంగోడు బిస్కెట్టు ఏస్తే తోకూపుకుంటా తినింది. పరాయి చేతి ముద్ద మరిగిన కుక్క దొంగ చేతి ముద్దా తింటది."

"మనుషుల్ని చూడని కుక్కకి మంచోడెవరో దొంగెవరో ఎట్లా తెలుస్తుంది?"

"తెలవనక్కర్లా. నేను కాని ప్రతోడూ దొంగే అనుకుంటే చాలు."

"నేనెప్పుడు దోచానయ్యా నిన్ను?" అంది అంజమ్మ.

"నువ్వు దోచింది బయటికి కనపడదులేవే" అని నవ్వాడు. ఆవిడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను వదల్లేదు. పగలంతా కుక్క నలుగురిలో తిరిగినా రాత్రి కల్లంలో మొరగడం మానదనీ, కాపలాకు అరుపు చాలు, కాటు అక్కర్లేదనీ చెప్పాను. రేపు నీకు ఒంట్లో బాగోకపోతే దీనికి ముద్ద ఎవరు పెడతారని అడిగాను. "నాకేమయిద్దమ్మా" అన్నాడు. ఆయన మూర్ఖుడు కాదు. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నవాడు. దొంగ బిస్కెట్టు తిన్న కుక్కను కళ్ళారా చూశాడు, నా మాటకు మాత్రం సాక్ష్యం చూపించడానికి నా దగ్గర ఏముంది? టీకా వేసి వచ్చేశాను.

ఆ పిల్లకు కర్రోడు అని పేరు పెట్టాడు. నలుపు కదా. కోటయ్య దాన్ని కొట్టడం నేను ఎన్నడూ చూడలేదు. చలికాలం తన దుప్పట్లోనే పడుకోబెట్టుకునేవాడు. ఏడాదికోసారి కుక్కకాటు టీకాకి వెళితే, దాని తలను తన ఒళ్ళో దాచిపెట్టి, "కానీయమ్మా, నేనున్నాగా" అనేవాడు. నేను వెనక నుంచి సూది వేసి, అది తల ఎత్తేలోపు వాకిలి దాటేదాన్ని. కల్లంలో మళ్ళీ ఒక్క కాయ పోలేదు. అది చూసి ఊళ్ళో ఇంకో నాలుగిళ్ళల్లో గంపలు బోర్లించారు. నడికుడి వెళ్ళినప్పుడల్లా దాని తోడబుట్టింది ప్లాట్‌ఫాం మీద ఎదురొచ్చి నా చీర కుచ్చిళ్ళు వాసన చూసేది. ఆ తల్లి పిల్లే ఇదీ, అదీ.

కల్లంలో

కర్రోడికి మూడేళ్ళు వచ్చిన ఏడాది, మిరప కోతల్లో ఒక పొద్దున సాంబయ్య ఫోన్ చేశాడు. అంజమ్మ తమ్ముడు, ట్రాక్టరు తోలతాడు. "డాక్టరమ్మా, బావ కల్లంలో పడిపోయాడు. కుక్క రానీట్లేదు" అన్నాడు. దగ్గర ఊళ్ళోనే ఉన్నాను, వెంటనే వెళ్ళాను.

ఎండబోసిన ఎర్రటి కాయల అంచున కోటయ్య కుడిపక్కకు ఒరిగి పడున్నాడు. తెల్లబారిన తాలుకాయలు ఏరడానికి వచ్చిన ఆడకూలీలు దూరంగా నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. అంబులెన్సు వచ్చి ఉంది, అందులో వచ్చినవాళ్ళు స్ట్రెచరు పట్టుకుని గట్టు మీదే ఆగిపోయారు. అంజమ్మ చీర చెంగు చిరిగి వేలాడుతోంది. సాంబయ్య పిక్క నుంచి రక్తం కారుతోంది. కర్రోడు కోటయ్యకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆయన ఎడమచెయ్యి కాస్త లేచి పడుతోంది. లేచినప్పుడల్లా వాడు వెనక్కి తిరిగి దాన్ని నాకి, మళ్ళీ మా వైపు తిరిగి పళ్ళు బయటపెట్టేవాడు.

"చంపేస్తా డాక్టరమ్మా, ఇంకేం చేసేది" అన్నాడు సాంబయ్య. చేతిలో గడ్డపార ఉంది. ఆ పెనుగులాటలో దెబ్బ ఎవరికి తగులుతుందో, కోటయ్య మీదే పడుతుందో చెప్పలేం. కాసేపు ఆగమన్నాను. మత్తు మాత్రలు గుడ్డులో పెట్టి విసిరితే వాడు కనీసం వాసన కూడా చూడలేదు. దూరం నుంచి మత్తు సూది వేసే తుపాకీ మా ఆసుపత్రిలో ఏనాడూ లేదు.

కోటయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. మమ్మల్నందరినీ చూస్తున్నాడు. నోరు ఒక పక్కకు పోయి, పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఊరుకోరా అని ఆయన ఒక్కమాట అంటే వాడు పక్కకు తప్పుకుంటాడు. ఆ ఒక్కమాటా ఆయన దగ్గర లేదు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అడిగాను, ఆయన గొంతు ఎవరి ఫోనులోనైనా ఉందా అని.

అంజమ్మకు చదువు రాదు. అందుకని కోటయ్య కల్లం నుంచి వాట్సాప్‌లో మాటలే పంపేవాడు. సాంబయ్య తన ట్రాక్టరు డెక్కు నుంచి సౌండు బాక్సు ఊడదీసి, వైరు లాగి, పక్కనున్న మోటారు షెడ్డులో పెట్టాడు. అంజమ్మ ఫోను డెక్కుకి కలిపి నొక్కాడు.

"ఏమే, అన్నం చానా పెట్టమాక, మజ్జిగ ఎక్కువ పొయ్యి. ఎండ మండిపోతంది. ఒరేయ్ కర్రోడా, ఆ పట్టా కొరికావంటే చూడు. ఇటు రా. ఇటు రా నాయనా."

కర్రోడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. కింద పడున్న మనిషిని చూశాడు, షెడ్డు వైపు చూశాడు, మళ్ళీ కింద చూశాడు. సాంబయ్య అదే మాటను మళ్ళీ మళ్ళీ పెట్టాడు. వాడు రెండడుగులు వేసి, వెనక్కొచ్చి కోటయ్య మొహం వాసన చూసి, చివరికి తోక ఆడించుకుంటూ షెడ్డులోకి పరిగెత్తాడు. సాంబయ్య రేకు తలుపు లాగి గొళ్ళెం పెట్టాడు. అందరూ కోటయ్య దగ్గరకు ఉరికారు. అంబులెన్సు కదిలిపోయాక కూడా, ఫోనులో తర్వాతి మాటలు వాటంతటవే వస్తూ, షెడ్డులో ఆ గొంతు మోగుతూనే ఉంది, వాడు ఆ పెట్టెను గోళ్ళతో గీరుతూ మూలుగుతున్నాడు. ఆపాలన్న ధ్యాస ఎవరికీ లేదు. నేనే పోయి ట్రాక్టరు డెక్కు కట్టేశాను.

నరసరావుపేట ఆసుపత్రిలో మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. దాన్ని కరిగించే మందు ఉంటుందట, కానీ పడిపోయిన తర్వాత కొంతసేపటి లోపలే ఇవ్వాలట, ఆ సమయం దాటిపోయిందన్నారు. ప్రాణం దక్కింది. కుడి కాలూ చెయ్యీ, మాటా పోయాయి. ముందే తెచ్చుంటే మాట వచ్చేదా అని అంజమ్మ నన్ను అడిగింది. తెలియదు వదినా అన్నాను. నిజంగానే నాకు తెలియదు.

మంచం పక్కన

కోటయ్యను ఇంటికి తెచ్చి వసారాలో మంచం వేశారు. అప్పటిదాకా షెడ్డులో సాంబయ్య కిటికీలోంచి విసిరిన అన్నాన్ని, ఎవరూ చూడనప్పుడు కొంచెం కొంచెం తిని ప్రాణం నిలబెట్టుకున్న కర్రోడు, గొళ్ళెం తీయగానే ఇంటికి పరిగెత్తుకొచ్చి, మంచం కిందకు దూరి ఇక కదల్లేదు. కోటయ్య ఎడమచెయ్యి కిందకు వేలాడేస్తే దాని కింద తల పెట్టి పడుకునేవాడు.

నేను సాయంత్రాలు వెళ్ళడం మొదలుపెట్టాను. అంజమ్మను గుమ్మం అవతల కూర్చోబెట్టి, గుడ్డు ముక్క విసిరించి, వాడి వైపు చూడకుండా పక్కకు తిరగమనేదాన్ని. కొన్నాళ్ళకు ఆవిడ అటు తిరిగితే తినేవాడు. ఇంకొన్నాళ్ళకు ఇటు తిరిగి ఉన్నా తిన్నాడు. నేను ఆశపడ్డాను. పెద్ద కుక్కకు నేర్పలేమని కాదు, నేర్పవచ్చు, కానీ నెలలు పడుతుంది, ఆ నెలలన్నీ ఇంట్లో ప్రశాంతంగా గడవాలి. మంచాన పడ్డ మనిషిని రోజంతా కదిలించాలి. ఒళ్ళు తుడవాలి, దుప్పట్లు మార్చాలి, కాళ్ళు చేతులు పట్టి వంచాలి. ఆ పని చేసే ప్రతి చెయ్యీ వాడి లెక్కలో దొంగ చెయ్యే. అలాంటప్పుడు కోటయ్య ఎడమచేత్తో వాడి మెడపట్టీకి పొడవాటి గొలుసు తగిలిస్తే, సాంబయ్య దూరం నుంచి లాగి చావడిలో కట్టేసేవాడు, వాడు ఊరు దద్దరిల్లేలా ఏడ్చేవాడు.

ఒక పొద్దున అంజమ్మ కోటయ్యను పక్కకు తిప్పుతుంటే ఆయన నొప్పికి మూలిగాడు. కర్రోడు మెడపట్టీ తెంపుకుని వచ్చి ఆవిడ ముంజేతిని పట్టాడు. ఎముక కనపడింది. కుట్లు వేయించుకుని వచ్చాక, అరవలేదా వదినా అని అడిగితే, "నేను అరిస్తే ఆయన బెదురుకుంటాడని అరవలేదు డాక్టరమ్మా" అంది.

ఇక వాణ్ణి ఎక్కడ ఉంచేది? కుక్కల్ని చేరదీసేవాళ్ళను అడిగాను. మనిషిని రానివ్వని కుక్కను తీసుకోలేమన్నారు. వాళ్ళను తప్పుపట్టను. సాంబయ్య తన పద్ధతిలో తేల్చేస్తానన్నాడు. నేను గుమ్మం అవతల కూర్చుని, ఏం చేయాలో తోచక, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఉండిపోయాను.

అప్పుడు కోటయ్య ఎడమచెయ్యి ఎత్తాడు. అంజమ్మ కట్టు వైపు చూపించాడు. కర్రోడి వైపు చూపించాడు. తర్వాత నా బ్యాగు వైపు చూపించాడు.

"వద్దయ్యా. ఇది మానిపోద్ది" అంది అంజమ్మ.

ఆయన మళ్ళీ అదే వరసలో చూపించాడు. కళ్ళమ్మట నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి ఆ చేతిని దించలేదు.

మీలో ఎవరికైనా ఈ పని చేయాల్సి వస్తుంది. చదువుకున్నప్పుడు మందు మోతాదు చెబుతారు, మిగతాది చెప్పరు. కుక్కపిల్ల మీ బల్ల మీద నిలబడి మీ వేళ్ళు నాకుతున్న రోజున నాలుగు మాటలు ఎక్కువ చెప్పండి. వినకపోతే మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ చెప్పండి. నేను చెప్పినట్టే జరిగింది చూశావా అని కోటయ్య విషయంలో నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు.

ఆ మధ్యాహ్నం

సూది వేయాలంటే ముందు వాణ్ణి మత్తులో పెట్టాలి. మందు కలిపిన అన్నం వాడు తినేది ఒక్క చేతి నుంచే. అంజమ్మ పెరుగన్నం మెత్తగా పిసికి, గుడ్డు నలిపి వేసింది. నేను మాత్రలు పొడి చేసి కలిపాను. ఒక్క చేత్తో కోటయ్య ముద్ద చేయలేడు కాబట్టి అంజమ్మే చేసింది, కట్టు కట్టిన చెయ్యి పైకి పెట్టుకుని, రెండో చేత్తో. దాన్ని ఆయన అరచేతిలో పెట్టి గుమ్మం అవతలకు వెళ్ళి నిలబడింది.

కోటయ్య చెయ్యి కిందకు దించాడు. కర్రోడు ముద్ద తిన్నాడు. వేళ్ళ మధ్య ఒక్క మెతుకు లేకుండా నాకాడు. కాసేపు కూర్చున్నాడు, తర్వాత కాళ్ళు బారజాపాడు, తర్వాత గడ్డం మంచం పట్టె మీద ఆనించి కళ్ళు మూశాడు. నేను దగ్గరకు వెళ్ళాను. మొదటిసారి వాడు నన్ను చూసి గుర్రుమనలేదు. సూది వేసినంతసేపూ కోటయ్య చెయ్యి వాడి తల మీదే ఉంది. గుండె ఆగిందని నేను చెప్పాక కూడా తీయలేదు.

అంజమ్మ గుమ్మం దాటి వచ్చి కింద కూర్చుంది. భయంభయంగా ఒక వేలు చాపి వాడి చెవిని తాకింది. తర్వాత అరచేతిలోకి తీసుకుంది.

"మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం డాక్టరమ్మా" అంది. "ఈడి చెవులు ఇంత మెత్తగా ఉంటాయని నాకు తెలవదు."

సాంబయ్య గొయ్యి తవ్వి వచ్చి పిలిచేదాకా ఆవిడ ఆ చెవిని నిమురుతూనే కూర్చుంది.